తెలుపు మీద ఒకసారి, నలుపు మీద ఒకసారి

మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తే ఆమె వెంటనే తాగదు. ముందు గ్లాసును చిన్నగా తిప్పుతుంది. లోపల నీళ్ళు తిరుగుతుండగానే దాన్ని తెల్లగోడ మీదికి పట్టి చూస్తుంది. తర్వాత నల్లరంగు తలుపు మీదికి పట్టి చూస్తుంది. అప్పుడు తాగుతుంది. బంధువుల ఇంట్లోనైనా, ఆసుపత్రి వరండాలోనైనా అంతే. నల్లతలుపు లేనిచోట ఎవరిదైనా నల్లటి జుట్టు వెతుక్కుంటుంది. తమ ఇంటి నీళ్ళను శంకిస్తోందని నొచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఆమెకు శంక ఏమీ లేదు. చూడకుండా మింగడం చేతకాదు.

సిరప్ సీసాల కంపెనీలో ఆమెది చూసే పని. మందు నింపి, మూత బిగించిన సీసాలు బెల్టు మీద వస్తాయి. చెక్కతో కట్టిన చిన్న గదిలో కూర్చుని ఒక్కొక్క సీసానూ తీసి, తిప్పి, ఎదురుగా ఉన్న పలక మీదికి పట్టాలి. పలకలో పైసగం తెలుపు, కిందిసగం నలుపు. నల్లటి నలుసు తెలుపు మీద తెలుస్తుంది. గాజుపెచ్చు, దూదిపోగు నలుపు మీద తెలుస్తాయి. రెండింటి మీదా ఏమీ కనపడకపోతే సీసా ముందుకు పోతుంది. కనపడితే పక్క బుట్టలో పడుతుంది.

తలపైన ఒక దీపం, వెనక ఒక నల్లటి తెర. బయటి వెలుతురు గీతంత లోపలికి వచ్చినా గాజు మీద మెరిసి నలుసును దాచేస్తుంది. అందుకని చూసేవాళ్ళు ముందు నేర్చుకునేది కూర్చోగానే తెర లాక్కోవడం. తెర అంచు గాలికి లేచిందా, ఎడమచెయ్యి గొడుగులా వంచి అడ్డం పెట్టుకోవడం ఆ తర్వాతది. కంపెనీ ఇచ్చిన తెర పలచగా ఉందని, మందపాటి నల్లగుడ్డ కొని ఆమె తనే కుట్టి వేలాడదీసుకుంది. దాని వెనకే ఆమె యౌవనం గడిచిపోయింది. కంపెనీలో ఆమెను చూపులమ్మ అంటారు. అసలు పేరు పిలిస్తే ఆమె కూడా వెంటనే పలకదు.

ఒకరోజు సూపర్‌వైజరు అందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టాడు.

"కెమెరా మిషన్ వస్తోంది. చూడ్డం ఇక అదే చూసుకుంటుంది. మూతలు కూడా అదే చూస్తుంది. అలాగని మిమ్మల్ని ఉన్నపళంగా రోడ్డు మీదికి పంపం. మిషన్ దగ్గర మనుషులుండాలి. అది ఎలా చూస్తుందో తెలిసినవాళ్ళుండాలి. నేర్పిస్తాం, పరీక్ష పెడతాం. నెగ్గినవాళ్ళు ఉంటారు."

మూతలు బిగించే మిషన్ దగ్గర పనిచేసే అతను లేచాడు. నోరు ఊరుకోని మనిషి. అందరూ అతన్ని మూతలాయన అంటారు.

"నెగ్గనివాళ్ళ సంగతేంటి సార్?"

సూపర్‌వైజరు బల్ల మీది గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాడు. గ్లాసులోకి చూడకుండా తాగాడని చూపులమ్మ గమనించింది.

ఇంట్లో ఆమె, వదిన. అన్న పోయాక ఇద్దరూ ఒకే గూటికి చేరారు. వదిన కూడా అదే కంపెనీలో సీసాలు కడిగేది. కడిగే మిషన్ వచ్చి ఆమెను ఇంటికి పంపేసింది. అప్పటినుంచి మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరి మీదా ఏదో ఒకటి అంటూ పొద్దుపుచ్చుతోంది. ఇల్లు గడిచేది చూపులమ్మ జీతం మీద. ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు.

"అయితే నీ నోటి దగ్గర కూడు లాక్కునే మిషన్‌కి నువ్వే పాఠాలు చెప్పాలన్నమాట" అంది వదిన విని.

"దానికి కాదు వదినా. ముందు ఒక చిన్న బండికి చెప్పాలట. రోబో. దానికి వస్తే దీనికీ వస్తుందట."

"నన్ను పంపేటప్పుడు బండీ లేదు, గిండీ లేదు. ఒక పూలదండ వేసి చప్పట్లు కొట్టారు. నీకు కనీసం ఆడుకోవడానికి బొమ్మైనా ఇచ్చారు. అదృష్టవంతురాలివి."

చూపులమ్మ నవ్వింది. నవ్వాక, వదిన నవ్వడం లేదని చూసింది.

నేర్పడానికి ఒక సారు వచ్చాడు. కంపెనీ మనిషి కాదు. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట పాఠం చెప్పుకుని బతికేవాడు. జబ్బలు జారిన చొక్కా, చాక్‌పీసు అంటిన వేళ్ళు. అతను ఒక్కొక్కరి ముందూ ఒక్కో బండి పెట్టాడు. అరచేతిలో పట్టేంత డబ్బా, రెండు చక్రాలు, ముందు కిందికి వంగి చూసే ఒక కన్ను, దాని పక్కన చిన్న ఎర్రదీపం.

"దీన్ని సెన్సర్ అంటారు. ఇది చేసేది ఒక్కటే. కింద ఎంత వెలుతురుందో చూసి ఒక అంకె చెబుతుంది. తెలుపు మీద పెద్ద అంకె. నలుపు మీద చిన్న అంకె. ఆ అంకెతో ఏం చెయ్యాలో దానికి తెలీదు. అది మీరు చెప్పాలి."

పరీక్ష కూడా చెప్పాడు. తెల్లటి బల్ల. బల్ల చివర అడ్డంగా ఒక నల్లటి టేపు. బండి బయల్దేరి టేపు దగ్గర ఆగాలి. ఆగకపోతే బల్ల మీంచి కింద పడుతుంది.

"తాబేలు పందెం" అన్నాడు మూతలాయన. "అక్కా, నీకో చెల్లెలు దొరికింది చూడు. ఇదీ నీలాగే. చూడ్డమే గానీ మాట్లాడదు."

ఆ మాట ఆమెకు నచ్చింది.

కంప్యూటర్ పలక మీద రంగురంగుల ముక్కలుండేవి. వెళ్ళు. ఆగు. అయితే. లేకపోతే. వాటిని వేలితో జరిపి ఒకదానికింద ఒకటి పేర్చాలి. సీసాలను స్పిరిట్‌తో తుడిచి తుడిచి ఆమె వేళ్ళు ఎండిపోయి ఉన్నాయి. పలక ఆ వేళ్ళను గుర్తుపట్టేది కాదు. ఎంత నొక్కినా ముక్క కదిలేది కాదు. తడిగుడ్డ ఒకటి పక్కన పెట్టుకుని, వేలు తడి చేసుకుని, ఒక్కో ముక్కా జరిపేది. మొదట్లో ముక్కలు తలకిందులుగా పడేవి. ఒకసారి ఆగు ముందు పెట్టి, వెళ్ళు తర్వాత పెట్టింది. బండి నలుపు చూసినా తెలుపు చూసినా కదల్లేదు.

"మీ చెల్లెలికి కోపమొచ్చినట్టుంది" అన్నాడు సారు. మూతలాయన అంటించిన పేరు అప్పటికే అందరి నోళ్ళలో పడింది.

"కోపమేమీ లేదు సార్. చెప్పింది చేస్తోంది పాపం."

ఆ తర్వాత ఆమెకు పట్టు దొరికింది. వెలుతురు అంకె ఇంతకన్నా తక్కువైతే ఆగు. లేకపోతే వెళ్ళు. ఆమె ఇన్నేళ్ళూ చేసింది కూడా ఇదే కదా. కనపడితే తియ్యి. లేకపోతే పోనీ. తన తలలో ఉన్నదాన్ని ఎవరో ముక్కలు చేసి రంగులు వేసి బల్ల మీద పెట్టినట్టుంది.

ఇక మిగిలింది ఆ అంకె. సారు చెప్పిన పద్ధతి తేలికే. బండిని తెలుపు మీద పెట్టి మీట నొక్కాలి, ఒక అంకె వస్తుంది. నలుపు మీద పెట్టి నొక్కాలి, ఇంకో అంకె వస్తుంది. రెండింటికీ నడుమ ఒక అంకె ఎంచుకుని, అదే హద్దు అని బండికి చెప్పాలి.

హాల్లో గోల ఎక్కువ. పైకప్పు రేకుల మధ్య అక్కడక్కడ వెలుతురు కోసం వేసిన అద్దపు పలకల్లోంచి ఎండ నేరుగా బల్లల మీద పడేది. అందరూ అక్కడే, ఆ ఎండలోనే, కేకలు పెట్టుకుంటూ బండ్లు నడిపేవారు. ఆమెకు అక్కడ కళ్ళు ఆనేవి కావు. ఒకరోజు సారును అడిగింది.

"సార్, నా గదిలో కూర్చుని నేర్పుకోనా దీనికి?"

"మీకు ఎక్కడ వీలైతే అక్కడ చేసుకోండమ్మా."

ఆమె బండిని కొంగులో, కంప్యూటర్ పలకను చంకలో పెట్టుకుని తన గదికి వెళ్ళింది. కూర్చుంది. తెర లాక్కుంది. దీపం వేసింది. ఎదురుగా పలక, పైన తెలుపు, కింద నలుపు. సీసాలను పట్టినచోట ఇప్పుడు బండిని పట్టింది.

"చూడు" అంది. "ఇది తెలుపు."

యాభై ఎనిమిది అంది బండి.

"ఇది నలుపు."

పన్నెండు.

మధ్యలో ముప్పై ఐదు పెట్టింది. అడుగుకన్నా కాస్త పొడుగున్న చెక్క మీద తెల్లకాగితం అతికించి, చివర నల్లటేపు వేసి, బండిని వదిలింది. బండి చిన్నగా గొణుక్కుంటూ వెళ్ళి, టేపు అంచున టక్కున ఆగింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ ఆగింది. తన చెయ్యి తగలకుండా, తన చూపు అక్కర లేకుండా, ఇంకేదో ఒకటి నలుపును చూసి ఆగడం ఆమె జన్మలో మొదటిసారి చూసింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియలేదు.

పరీక్ష ముందురోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వదిన మెట్ల మీదే ఉంది.

"మొహం వెలిగిపోతోంది. ఏంటి సంగతి?"

"ఆగుతోంది వదినా. ఒక్కసారి కూడా తప్పడం లేదు."

"ఆగడానికి కూడా పరీక్షేంటే? నన్నైతే ఏ పరీక్షా పెట్టకుండానే ఆపేశారు."

"నువ్వు ఊరుకో. నాకు వచ్చేసింది."

వదిన పక్కకు జరిగి, మెట్టు మీద చోటిచ్చింది. "కూర్చో. కాళ్ళు పీక్కుపోతుంటాయి" అంది. అంత మెత్తగా మాట్లాడితే చూపులమ్మకు భయమేసింది.

మర్నాడు హాలు మధ్యలో ఒకటే బల్ల. ఎండ నిండుగా ఉంది. సూపర్‌వైజరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పరీక్ష జరిగేటప్పుడు సారు నోరు విప్పకూడదని ముందే చెప్పాడు. ఇద్దరు ముగ్గురి బండ్లు ఆగాయి. ఒకాయన బండి అసలు కదల్లేదు. ఆయన నీళ్ళు నమిలి పక్కకు తప్పుకున్నాడు. మూతలాయన బండి వంకరగా వెళ్ళింది గానీ టేపు దగ్గర ఆగింది. "తాబేలు గెలిచింది" అని చేతులు పైకెత్తాడు. ఎవరూ నవ్వకపోతే దించుకున్నాడు.

ఆమె వంతు వచ్చింది. బండిని బల్ల మొదట్లో పెట్టింది. మీట నొక్కింది.

బండి ముక్కుసూటిగా వెళ్ళింది. టేపు దగ్గరికి వచ్చింది. టేపు దాటింది. బల్ల అంచు దాటింది. మూతలాయన ఒక్క ఉదుటున చెయ్యి చాచి పట్టుకోకపోతే నేల మీద పడేదే.

ఆమె బండి మొహంలోకి చూసింది. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, చక్రాలు మూతలాయన చేతిలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అది చూస్తోంది. చూస్తూనే దాటింది.

"నిన్న ఆగింది సార్" అంది. "నిన్నంతా ఆగింది."

సూపర్‌వైజరు సారు వైపు చూశాడు. సారు గొంతు సవరించుకున్నాడు. "వెలుతురు మారితే అంకెలు మారతాయి సార్. ఇంకొక్క అవకాశం ఇద్దాం. ఇక్కడే, ఈ బల్ల మీదే మళ్ళీ చూపించుకోనివ్వండి."

"సరే. కానివ్వండి. మీరు మాత్రం మాట్లాడొద్దు."

వెలుతురు మారితే. ఆ మాట ఆమె విన్నది. అర్థం చేసుకున్నది కూడా. తెర వెనక ఉన్న తెలుపు వేరు, ఈ ఎండలోని తెలుపు వేరు. ఇంత చిన్న సంగతి తనకు తట్టనేలేదు. దీనికి మళ్ళీ చూపించాలి, అంతే. చేతులు కొంగుతో తుడుచుకుంది. బల్ల మీదికి వంగింది. బండిని తెలుపు మీద పెట్టింది.

కుడిచెయ్యి మీట మీదికి వెళ్ళింది. ఎడమచెయ్యి తన దారిన తాను లేచి, వేళ్ళు దగ్గరగా చేర్చుకుని, బండి కంటికి ముందు గొడుగులా వంగింది. ఎండ ఆ చేతి మీద ఆగిపోయింది. అది ఆమెకు తెలియదు. ఆ చెయ్యి ఎప్పుడూ అడిగి లేచింది కాదు.

యాభై ఎనిమిది.

బండిని నలుపు మీద పెట్టింది. చెయ్యి కూడా వెంట వచ్చింది.

పన్నెండు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తనకు తెలిసిన అంకెలే. రోజూ చూసిన అంకెలే. కొత్తచోట మన వీధిమనిషి ఎదురైనట్టుంది. తల ఎత్తి చూస్తే సారు నోరు తెరిచి ఉన్నాడు. ఏదో అనబోయి, సూపర్‌వైజరు వైపు చూసి, నోరు మూసుకున్నాడు. ధైర్యం చెబుతున్నాడనుకుంది. తల ఊపింది.

ముప్పై ఐదు పెట్టింది. బండిని మొదటికి తెచ్చింది. చెయ్యి తీసింది.

ఎండ మళ్ళీ బల్ల నిండా పరుచుకుంది. బండి బయల్దేరింది. టేపు మీద కూడా ఎండే. నల్లగా మెరుస్తున్న ఆ టేపు మీద దాని కంటికి ఎంత అంకె కనపడిందో, అది ముప్పై ఐదు కన్నా పెద్దదే అయివుంటుంది. ఆగమని దానికి ఎవరూ చెప్పలేదు. వెళ్ళింది. ఈసారి మూతలాయన దూరంగా ఉన్నాడు. నేల మీద పడిన చప్పుడు హాలంతా వినపడింది. ఒక చక్రం ఊడి, దొర్లుకుంటూ పోయి, సూపర్‌వైజరు బూటుకు తగిలి పడుకుంది.

అతను వంగి దాన్ని తీసి, బల్ల మీద పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు.

"తర్వాతెవరు?" అన్నాడు.

గేటు దగ్గర సారు ఆమె కోసం నిలబడి ఉన్నాడు. సంచీ భుజానికి తగిలించుకుని ఉన్నాడు.

"అమ్మా, మీరు చెయ్యి అడ్డం పెట్టారు."

"ఎప్పుడు సార్?"

"రెండోసారి చూపించేటప్పుడు. ఇలా." తన ఎడమచెయ్యి ఎత్తి, వేళ్ళు దగ్గరగా చేర్చి, కళ్ళముందు వంచి చూపించాడు. "దానికి మీ చేతినీడ చూపించారు. ఎండ చూపించలేదు."

ఆమె ఆ చేతిని చూసింది. తన చేతిని బయటినుంచి చూడటం అదే మొదలు.

"అప్పుడే చెప్పొచ్చుగా బాబూ" అంది. అంతవరకూ సార్ అన్న నోటికి బాబూ అన్న మాట ఎలా వచ్చిందో తెలియదు.

"చెప్పకూడదన్నారమ్మా."

"అవునులే. నీదీ ఉద్యోగమే."

అతను తల వంచుకున్నాడు. బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చూడకుండా కూర్చున్నాడు.

ఆమె గేటు దాటలేదు. వెనక్కి తిరిగి తన గదికి వెళ్ళింది. దీపం తీగ అప్పుడే పీకేసి చుట్టి పెట్టారు. మూతలాయన అక్కడే తచ్చాడుతున్నాడు.

"అక్కా. నాకసలు ఏమీ తెలీదు. పక్కవాడిది చూసి పేర్చాను. ఆ ఎండలో అందరితోపాటు ఊరికే తిప్పుతూ కూర్చున్నా, అంతే" అన్నాడు.

"మంచిదేరా. నీకు పిల్లలున్నారు."

"నువ్వుంటే బాగుండేది."

"ఉంటే బాగుండేది" అంది ఆమె కూడా, ఇంకెవరి గురించో అన్నట్టు. "ఈ తెర నాది. తీసుకెళ్ళనా?"

"ఎవరికి కావాలక్కా అది? ఉండు, నేను విప్పిస్తా." అతను పైకెక్కి కొక్కేలు విప్పాడు. ఎన్నో ఏళ్ళ దుమ్ము ఇద్దరి మీదా పడింది. ఇద్దరూ దగ్గారు.

ఇంటికి వెళ్ళేసరికి వదిన మెట్ల మీద లేదు. లోపల అన్నం వండుతోంది. చంకలో నల్లగుడ్డ మూట చూసింది. కూర్చున్నాక, గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

చూపులమ్మ గ్లాసు తిప్పింది. తెల్లగోడ మీదికి పట్టింది. నల్లతలుపు మీదికి పట్టింది. తాగింది.

"పూలదండ వేశారా?" అంది వదిన.

"లేదు."

"చప్పట్లైనా?"

"లేదు వదినా."

"నాకే నయం అయితే" అని వదిన పొయ్యి వైపు తిరిగింది. చాలాసేపు అటే తిరిగి ఉంది. అన్నం దించాక అంది, "రేపటినుంచి మెట్ల మీద ఇద్దరం కూర్చుందాం. చోటు సరిపోతుంది."

"నెలాఖరుకు ఈ జీతం కూడా అయిపోయాకో?"

వదిన కంచాలు పెట్టింది.

మర్నాడు పొద్దున షిఫ్టు వేళకే ఆమెకు మెలకువ వచ్చింది. వెళ్ళడానికి చోటు లేదని లేచి కూర్చున్నాక గుర్తొచ్చింది. బకెట్లో నీళ్ళు పట్టి నల్లగుడ్డ నానబెట్టింది. నీళ్ళు బూడిదరంగు తిరిగాయి. పారబోసి మళ్ళీ పట్టింది. జాడించి, పిండి, మేడమీది తీగ మీద ఆరేసింది. గుడ్డ వెనకనుంచి ఎండ వచ్చింది. గుడ్డ నిండా చిల్లులున్నాయి. సూదిమొనంత చిన్నవి, పైనుంచి కిందిదాకా. ఒక్కొక్కదాంట్లోంచీ వెలుతురు వస్తోంది. ఇన్నేళ్ళూ ఇది వీపు వెనకే ఉంది. దీన్ని మాత్రం ఎప్పుడూ వెలుతురుకు పట్టి చూడలేదు.

వదిన మెట్లెక్కి వచ్చి చూసింది. "చిరిగిన గుడ్డ. మసిగుడ్డలు చేద్దాం ఇటివ్వు" అంది.

చూపులమ్మ ఇవ్వలేదు. లోపలికి వెళ్ళి సూది, నల్లదారం తెచ్చుకుంది. తీగ కింద నేల మీద కూర్చుని, తడి ఆరని గుడ్డ అంచు ఒడిలోకి లాక్కుని, అన్నిటికన్నా పైనున్న చిల్లి దగ్గర కుట్టడం మొదలుపెట్టింది.